లిటిల్ గిడింగ్‌లో నైట్ డ్యూటీ

పోయిన వారం ఇంగ్లండ్ నుంచి మెయిల్ వచ్చింది. పెద్దావిడ పోయారని వాళ్ల కోడలు రాసింది. తొంభై దాటిన మనిషి, నిద్రలోనే వెళ్లిపోయారట. ఆవిడ పేరు ఇక్కడ రాయను. నలుగురిలో తన పేరెత్తితేనే ఇబ్బంది పడిపోయే రకం.

అప్పట్లో నేను హంటింగ్డన్ దగ్గర ఒక ఆసుపత్రిలో నర్సుని. డోర్నకల్ పక్క పల్లెటూళ్లో పుట్టి, ఖమ్మంలో నర్సింగ్ చదివి, హైదరాబాదులో కొన్నాళ్లు చేసి, ఏజెంటు రాయమన్న పరీక్షలన్నీ రాసి చివరికి అక్కడ తేలాను. కొత్తగా వచ్చినవాళ్లకి నైట్లు ఎక్కువ పడతాయి. పదకొండు దాటాక వార్డులో లైట్లు తగ్గించేస్తారు. ఏదో ఒక మిషన్ బీప్‌మనడం, ఎవరో మూలగడం, రేడియేటర్లో నీళ్లు గుడగుడలాడటం, అంతే. కునుకు పట్టకుండా నేను లోలోపల దావీదు కీర్తనలు చదువుకునేదాన్ని. చిన్నప్పుడు కంఠతా పట్టినవే.

ఆ పెద్దావిడ తుంటి ఎముక విరిగి మా వార్డులో ఉన్నారు. ఒంటిగంట రౌండులో బీపీ చూస్తుంటే కళ్లు తెరిచి, "ఏం చదువుతున్నావమ్మాయ్?" అని అడిగారు. 121వ కీర్తన అన్నాను. కునుకనివాడు, నిద్రపోనివాడు మనల్ని కాస్తాడని చెప్పే కీర్తన. నైట్ డ్యూటీ వాళ్ల కోసమే రాశారేమో అనిపిస్తుంది నాకు. ఆవిడ అదే కీర్తన ఇంగ్లీషులో మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పేసి, "ఇక్కడికి దగ్గర్లోనే ఒక ఇంట్లో ఆడపిల్లలు రోజూ ఒంటిగంట దాకా మేలుకుని ఇవే చదివేవాళ్లు, తెలుసా?" అన్నారు. ఎప్పుడో పాతికేళ్ల కిందటి మాట అనుకున్నాను. మొదటి చార్లెస్ రాజు కాలం నాటి, అంటే దాదాపు నాలుగు వందల ఏళ్ల కిందటి సంగతని తర్వాత తెలిసింది.

తుంటి ఎముక అతికి, చేతికర్రతో నడక కుదిరాక, ఆ ఇల్లున్న చోటికి, లిటిల్ గిడింగ్‌కి, ఆవిడే నన్ను తీసుకెళ్లి చూపించారు. కారు వాళ్లబ్బాయి నడిపాడు. ఆ తర్వాత ఆఫ్ దొరికినప్పుడల్లా వెళ్తుండేదాన్ని.

*

లిటిల్ గిడింగ్ అంటే ఊరని కూడా అనలేం. హంటింగ్డన్ నుంచి వాయవ్యంగా తొమ్మిది పది మైళ్లు. హైవే వదిలాక సన్న రోడ్డు, రెండు పక్కలా కంచెపొదలు, గోధుమ చేలు. బస్సు లేదు, కొట్టు లేదు. మట్టిదారి చివర ఒక ఫామ్ హౌసు, దాని వెనక చెట్ల మధ్య చిన్న చర్చి. మా డోర్నకల్ కెథడ్రల్ చూసిన కళ్లకి అది చర్చిలా ఆనలేదు. మాది 1939లో ప్రతిష్ఠ చేసిన గుడి. గుమ్మటాలు, మినార్లు, మన గుళ్ల తరహా స్తంభాలు కలిపి అజరయ్య బిషప్పుగారు కట్టించింది. ఇదేమో సన్నగా, పొడుగ్గా, రైలు పెట్టెలా ఉంది. లోపల బెంచీలు ముందుకి కాకుండా ఎదురెదురుగా, గోడల వెంబడి ఉంటాయి. అటు వరస వాళ్లు ఒక వచనం, ఇటు వరస వాళ్లు ఇంకో వచనం చదవడానికి వీలుగా. మధ్యలో ఇత్తడి గద్ద, దాని రెక్కల మీద బైబిలు.

గుమ్మం బయట ఒక రాతి సమాధి. దాని మీద పేరు లేదు, తారీఖు లేదు. "ఇదే నికోలస్ ఫెరార్‌ది" అన్నారు పెద్దావిడ. కీర్తనలు చదివిన ఆ ఇంటిని నడిపినాయన. చర్చి గుమ్మం నుంచి ఏడడుగులు కొలిచి, ఆ జాగా అన్నయ్యకి వదిలేసి, అవతల తనని పెట్టమన్నాడట. పోయేముందు ఇంకో పని కూడా చెప్పాడు. తన దగ్గరున్న నాటకాలు, ప్రేమకథల పుస్తకాలు బుట్టల్లో మోయించి, సమాధి తవ్వబోయే చోటే తగలబెట్టించాడు. పుస్తకాలు తగలబెట్టిన మనిషి మీద నాకు మొదట్లో పెద్ద గౌరవం కలగలేదు. ఇప్పటికీ ఆ ఒక్క విషయంలో కలగలేదు.

*

కథ ఆయన పేరు మీదే నడుస్తుంది కానీ, నన్నడిగితే అది వాళ్లమ్మ ఇల్లు.

ఫెరార్లు లండన్ వ్యాపారులు. అమెరికాలో వర్జీనియా కాలనీ నడిపిన కంపెనీలో వాళ్ల డబ్బూ ఉంది, మాటా చెల్లేది. నికోలస్ కేంబ్రిడ్జిలో చదివి, ఇటలీలోని పాదువాలో వైద్యం కూడా కొంత నేర్చుకుని వచ్చి, ఆ కంపెనీ వ్యవహారాలు చూశాడు, 1624లో పార్లమెంటు మెంబరు కూడా అయ్యాడు. అదే ఏడు రాజుగారి ప్రభుత్వం కంపెనీ చార్టర్ రద్దు చేసింది. అన్నగారు జాన్ అప్పుల్లో పీకల్లోతు మునిగాడు. ఆ మరుసటేడు లండన్‌లో ప్లేగు. ఇల్లు వాకిలి వదిలి ఎక్కడికైనా పోక తప్పని పరిస్థితి. విధవరాలైన తల్లి మేరీ ఫెరార్ తన డబ్బుతో ఈ పాడుబడ్డ ఎస్టేటు కొన్నది. అప్పటికి ఊళ్లో మనుషులు లేరు. ఇల్లు కూలిపోయేలా ఉంది. చర్చిని గడ్డివాముగా వాడుతున్నారు, పక్క గదిలో పందులు.

ఆవిడకి అప్పటికే డెబ్బై దాటాయి. గుర్రబ్బండి దిగి నేరుగా చర్చికి వెళ్తే, గుమ్మం దాకా గడ్డి. లోపలికి అడుగు పెట్టే సందు లేదు. ప్రయాణం చేసి అలిసిపోయావు, ముందు ఇంట్లోకి వచ్చి పడుకో అని కొడుకు బతిమాలాడు. ఆవిడ వినలేదు. ఇల్లు బాగుచేయడానికి పిలిపించిన పనివాళ్లందరినీ అక్కడికి రప్పించి, ఆ గడ్డంతా బయటికి తోయించి, చర్చి శుభ్రమయ్యే దాకా అక్కణ్ణుంచి కదల్లేదు. ఈ ముక్క పెద్దావిడ చెప్తున్నప్పుడు నాకు మా నాయనమ్మే కళ్లముందు మెదిలింది. గుడి ఊడవనిదే పొయ్యి వెలిగించేది కాదు.

1626లో నికోలస్ వెస్ట్‌మినిస్టర్‌లో డీకను అభిషేకం తీసుకున్నాడు, అంటే పాదిరికి ఒక మెట్టు కింద. అంతకు మించి పైకి వెళ్లలేదు. పాదిరి పదవులిస్తామన్నా వద్దన్నాడు. కొడుకు, పెద్దకొడుకు జాన్ కుటుంబం, కూతురు సుసానా, అల్లుడు కొలెట్, వాళ్ల గంపెడు పిల్లలు, ముగ్గురు పంతుళ్లు, పనివాళ్లు, అందరూ కలిసి ముప్పై నలభై మంది. మఠం కాదు, ప్రమాణాలు లేవు, మదర్ సుపీరియర్ లేదు. ఒక కుటుంబం. ఆంగ్లికన్, అంటే ఇంగ్లండ్ చర్చి, ప్రార్థన పుస్తకంలో ఉన్నదాన్నే పట్టుకుని, వదలకుండా చేసుకుపోయారు.

రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు సంస్కారం ఇవ్వడానికి మాత్రం పక్క ఊరి పాదిరి రావాలి. నెలలో మొదటి ఆదివారం ఆయన వచ్చేవాడు. ఇది విన్నప్పుడు నవ్వొచ్చింది నాకు. మా ఊళ్లోనూ అచ్చం అంతే.

*

మా తాతయ్య ఉపదేశి. డోర్నకల్ డయాసిస్, అంటే బిషప్పుగారి కింద ఉండే సంఘాలన్నీ, అప్పట్లో ఇలాంటి ఉపదేశుల మీదే నడిచింది. అజరయ్యగారు 1912లో బిషప్పయ్యారు, ఆంగ్లికన్ చర్చిలో మొట్టమొదటి భారతీయ బిషప్పు. అభిషేకం పొందిన అయ్యగార్లు కొద్దిమంది, పల్లెలు బోలెడు. అందుకని ప్రతి పల్లెలోనూ ఒక ఉపదేశి, ఆయన భార్య. బడి వాళ్లే, గుడి వాళ్లే, ఉత్తరాలు రాసిపెట్టేదీ వాళ్లే. 1947లో ఆంగ్లికన్ పేరు పోయి సౌత్ ఇండియా సంఘం వచ్చింది. అయ్యగారి కారు పాతదే, తాతయ్య సైకిలూ పాతదే.

గుడి ముందు వేపచెట్టుకి రైలు పట్టా ముక్క వేలాడేది. డోర్నకల్ జంక్షన్ దగ్గర కదా, మా చుట్టుపక్కల గుళ్లకీ బళ్లకీ గంటలన్నీ రైలు పట్టాలే. చీకటితో తాతయ్య దాన్ని ఇనుప బోల్టుతో కొట్టేవాడు. మొదటి దెబ్బకి కుక్కలు మొరిగేవి. రెండో గంటకి ఆడవాళ్లు చెంబులు కింద పెట్టిన చప్పుడు. మూడో గంటకి మేం పిల్లలం కళ్లు నులుముకుంటూ ఈతచాపల మీద కూర్చునేవాళ్లం, మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. లాంతరు వెలుగు తాతయ్య పుస్తకం మీద మాత్రమే పడేది. అయినా మాకు పుస్తకంతో పనేముంది, ఎవరికీ చదువు రాదు, అందరికీ నోటికొచ్చు. తాతయ్య ఒక వచనం చెప్తే మేం తర్వాతి వచనం అందుకునేవాళ్లం. కూలికి వెళ్లేవాళ్లు మధ్యలోనే లేచి వెళ్లిపోయేవాళ్లు. గడప దాటాక కూడా వాళ్ల గొంతు కాసేపు వినిపించేది, చదువుకుంటూనే పోయేవాళ్లు.

ప్రార్థన పుస్తకంలో 150 కీర్తనల్నీ నెల రోజులకి పంచి పెట్టారు, పొద్దున కొన్ని, సాయంత్రం కొన్ని. తాతయ్య ఆ లెక్క తప్పేవాడు కాదు. జ్వరమొచ్చినా మంచంలోంచి చెప్పించేవాడు. నెలకోసారి మొత్తం పూర్తిచేస్తున్నామని ఆయనకి లోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

గిడింగ్ వాళ్లు నెల తీసుకోలేదు. ఒక్క రోజులో పూర్తి చేసేవాళ్లు. ఎండాకాలం నాలుగింటికి, చలికాలం అయిదింటికి లేవడం. చర్చికి రోజుకి మూడుసార్లు, ఇద్దరిద్దరుగా వరసలో. ఇవి కాక ఇంట్లో గంటగంటకీ ఒక జట్టు చేరి పావుగంట సేపు కొన్ని కీర్తనలు, సువార్తలోంచి ఒక భాగం, ఒక పాట. మిగతావాళ్లు ఎవరి పని వాళ్లు చేసుకుంటూనే ఉంటారు. ఒక జట్టు లేస్తే తర్వాతి గంటకి ఇంకో జట్టు. అలా రాత్రికి 150 అయ్యేవి. తాతయ్యకి ఈ సంగతి చెప్పగలిగి ఉంటే ఏమనేవాడో. అప్పటికే ఆయన లేడు.

*

మళ్లీ రాత్రి సంగతికి వస్తాను, నన్ను కట్టిపడేసింది అదే.

కొన్నేళ్లు గడిచాక పగటి ప్రార్థనలు చాలవనిపించి రాత్రి జాగరణ పెట్టుకున్నారు. తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు. ఒక గదిలో ఇద్దరు ఆడవాళ్లు, ఇంకో గదిలో ఇద్దరు మగవాళ్లు. మోకాళ్ల మీద ఉండి, ఒక వచనం ఒకరు, తర్వాతిది ఇంకొకరు, నాలుగు గంటల్లో మళ్లీ కీర్తనలన్నీ. ఒంటిగంటకి అయిపోగానే నికోలస్ గది తలుపు తట్టి, శుభోదయం చెప్పి, వెలిగించిన కొవ్వొత్తి గుమ్మం దగ్గర పెట్టి వెళ్లి పడుకునేవాళ్లు. అప్పుడాయన లేచి, తెల్లవారే దాకా ఆయన వంతు.

మాకు హ్యాండోవర్ అంటారు దీన్ని. ఒక షిఫ్టు దిగేవాళ్లు రెండో షిఫ్టు వాళ్లకి పేషెంట్లని అప్పజెప్పి పోవడం. బలవంతం ఏమీ లేదట, ఇష్టమున్నవాళ్లే వంతు వేసుకునేవాళ్లు. చలికాలంలో ఆ ప్రాంతపు రాత్రి ఎలా ఉంటుందో నాకు తెలుసు. పొలాల మీంచి వచ్చే తడిగాలి ఎముకల్లోకి దిగిపోతుంది. నిప్పు ఉన్న గదిలోనైనా మోకాళ్ల మీద నాలుగు గంటలంటే మాటలు కాదు. నికోలస్ 1637 డిసెంబరు 4న పోయింది కూడా రాత్రి ఒంటిగంటకే. రోజూ ఆయన లేచే వేళకి.

డ్యూటీలో ఒంటిగంట రౌండు కొట్టినప్పుడల్లా ఆ తలుపు చప్పుడు గుర్తొచ్చేది. నైట్లంటే ఏడుపొచ్చే రోజులవి. ఇంటి మీద బెంగ, ఫోన్ కార్డు నిమిషాలు చూసుకుంటూ మాట్లాడటం, తిన్నది ఒంటబట్టకపోవడం. నిజం చెప్పాలంటే గిడింగ్ కథ విన్నాక నైట్లు తేలికేమీ కాలేదు. నాకు ముందు కూడా ఎవరో ఈ జిల్లాలోనే ఇలా మేలుకున్నారన్న ఆలోచన ఒకటి తోడుగా ఉండేది, అంతవరకే.

*

ఇంకోసారి వెళ్లినప్పుడు అక్కడి అతిథి గృహంలో ఎవరో పిల్లలకి పుస్తకాలు కుట్టడం నేర్పిస్తున్నారు. గది నిండా ఉడికించిన మైదా జిగురు వాసన. గుమ్మంలోనే ఆగిపోయాను.

మా ఇంట్లో ఎండాకాలం సెలవులంటే ఆ వాసనే. పాటల పుస్తకాలు, బడి రిజిస్టర్లు, చిరిగిన బైబిళ్లు అన్నీ తాతయ్య బైండింగ్ చేసేవాడు. నాయనమ్మ పొయ్యి మీద మైదా ఉడికించేది, ఉండ కట్టకుండా కలుపుతూ. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసేది. జిగురు లేత నీలంగా మారేది. వేళ్లు నాకొద్దని మమ్మల్ని వంద సార్లు హెచ్చరించేది. కొయ్య చట్రంలో దారాలు బిగించి తాతయ్య కుడుతుంటే, అట్టలకి జిగురు రాయడం మా పని. రాసి, పైన కాగితం పరిచి, బరువు కోసం తిరగలి రాయి ఎత్తేవాళ్లం. మర్నాడు పొద్దున రాయి తీసి చూడటం ఒక పండగ.

గిడింగ్ ఆడపిల్లలు సరిగ్గా ఈ పనిలోనే దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. నాలుగు సువార్తల్లోనూ యేసు కథ కొంచెం కొంచెం తేడాలతో ఉంటుంది కదా. అచ్చయిన బైబిళ్లు ముందేసుకుని, కత్తెరతో, చాకుతో ఒక్కో వాక్యం, ఒక్కోచోట ఒక్కో మాట కత్తిరించి, నాలుగింటినీ కలిపి ఒకే కథగా పెద్ద కాగితాల మీద అంటించేవాళ్లు. మధ్యమధ్య విదేశాల నుంచి తెప్పించిన బొమ్మల ముక్కలు. తర్వాత ప్రెస్సులో నొక్కితే ఎంత చదునుగా వచ్చేదంటే, అతికించిన కాగితమా, అలాగే అచ్చేసిందా అని చూసినవాళ్లు తికమకపడేవాళ్లు. బైండింగ్ నేర్పడానికి కేంబ్రిడ్జి నుంచి ఒక బైండరు కూతురు వచ్చిందట. ఏ మాట ఎక్కడ పడాలో నికోలస్ చెప్పేవాడు. కోసింది, అంటించింది, కుట్టింది మేనకోడళ్లు.

ఆ సంగతి రాజుగారి చెవిన పడింది. మొదటి చార్లెస్ వాళ్ల పుస్తకం ఎరువు తెప్పించుకుని, నెలల తరబడి దగ్గర పెట్టుకుని, అంచుల్లో తన చేత్తో రాతలు రాసి తిరిగి పంపాడు. నాకూ ఒకటి చేసివ్వండి అని కబురు. 1635 నాటికి ఇచ్చారు. అది ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఒకప్పుడు ప్రదర్శనలో గాజు వెనక అలాంటి పేజీ చూశాను. రెండు ముక్కలు కలిసే చోట, ఏటవాలుగా చూస్తే, సన్నని గీత కనిపిస్తుంది. తాతయ్య అయితే ముందు అదే వెతికేవాడు.

*

వాళ్లింట్లో మందుల గది కూడా ఉండేది. ఇది మాత్రం నా శాఖ కాబట్టి కొంచెం ఆగుతాను. చుట్టుపక్కల ఊళ్ల నుంచి దెబ్బలు తగిలినవాళ్లు, పుళ్లు పట్టినవాళ్లు వచ్చేవాళ్లు. కొలెట్ అమ్మాయిలే స్వయంగా కడిగి కట్లు కట్టేవాళ్లు. పైసా తీసుకునేవాళ్లు కాదు. పెద్దింటి పిల్లలు పేదవాళ్ల పుండు ముట్టుకోవడం ఆ రోజుల్లో ఎంత వింతో, మన దగ్గర కూడా నర్సు ఉద్యోగానికి పిల్లల్ని పంపడానికి ఎందరు వెనకాడేవాళ్లో తెలిసినవాళ్లకి వివరించనక్కర్లేదు. డోర్నకల్, ఖమ్మం వైపు నుంచి నర్సింగుకి వెళ్లినవాళ్లలో మావాళ్లు అంతమంది ఉండటానికి కారణం కూడా అదే.

ఇంటి పెత్తనం కూడా వంతులే. నలుగురు పెద్దమ్మాయిలు నెలకొకరు చొప్పున ఖర్చు, సరుకు, వంట పర్యవేక్షణ చూసేవాళ్లు. నెలాఖరున లెక్క చూపించి, సరిపోయిందనిపించుకుని, తర్వాతి అమ్మాయికి అప్పగించాలి. మా అమ్మకి ఫోన్లో ఈ కథలన్నీ చెప్తుంటే, పొద్దస్తమానం ప్రార్థనలైతే అంతమందికి వంటెవరు చేసేవాళ్లే అని మొదట అడిగింది ఇదే. జాగరణ గురించి అడగలేదు, రాజు గురించి అడగలేదు.

ఆదివారం పొద్దున చుట్టుపక్కల పిల్లలు వచ్చేవాళ్లు. వారంలో నేర్చుకున్న కీర్తన అప్పజెప్తే ఒక్కోదానికి ఒక పెన్నీ, పైగా మధ్యాహ్నం భోజనం. మాకు సండే స్కూల్లో కీర్తనకొక రంగుల బొమ్మ కార్డు ఇచ్చేవాళ్లు. 117వ కీర్తన రెండే వచనాలు కాబట్టి అందరం దాని మీద పడేవాళ్లం. గిడింగ్ పిల్లలు కూడా మొదట దాన్నే పట్టుకుని ఉంటారని నా గట్టి నమ్మకం.

*

ఆ ఇంట్లో నాకు బాగా దగ్గరైన మనిషి మాత్రం వీళ్లెవరూ కాదు. పెద్దకోడలు బత్షెబా, జాన్ భార్య.

లండన్ పిల్ల. అత్తగారు, ఆడపడుచు, ఆడపడుచు పిల్లలు, మరిది, అందరి మధ్యా ఒక పొలంలో గంటగంటకీ ప్రార్థన. ఆమెకి ఈ జీవితం ఇష్టం లేదు. మరిదితో పడేది కాదు. లండన్ వెళ్లిపోదామని మొగుడితో గొడవ. ఇదంతా ఆ కుటుంబపు ఉత్తరాల్లోనే ఉంది, కేంబ్రిడ్జిలో మోడ్లిన్ కాలేజీ వాళ్లు దాచిన కట్టల్లో. భక్తి కథలు రాసేవాళ్లు ఆమెని గయ్యాళిగా చూపించి ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. ఇల్లంతా దేవుడి పేరుతో ఒక తాటి మీద నడుస్తున్నప్పుడు, నాకొద్దు అనే మనిషికి ఎంత ఒంటరితనమో వాళ్లకి పట్టదు.

నాయనమ్మకి చెప్పాను ఈవిడ గురించి. నాయనమ్మది బందరు. మిషన్ స్కూల్లో చదువుకుని, సముద్రపు గాలికి అలవాటుపడి, పెళ్లై లాంతరు పల్లెకి వచ్చింది. తాతయ్యకి జీతం ఇచ్చారు, కొద్దో గొప్పో. ఆమె చెప్పిన చదువుకి, చేసిన పురుళ్లకి, కాచిన గంజికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. అంతా విని, "ఆ పిల్లని ముందుగా ఒక మాటడిగారా, వస్తావా అని?" అంది. తర్వాత చాలాసేపు బందరు హల్వా గురించి మాట్లాడింది.

బత్షెబా కూతురికి వర్జీనియా అని పేరు పెట్టారు, చేజారిపోయిన కాలనీ జ్ఞాపకంగా. ఆ అమ్మాయి పెద్దయ్యాక అక్కడే గిడింగ్‌లో పట్టుపురుగుల్ని పెంచి, వర్జీనియాలో పొగాకు మానేసి పట్టు పండించమని అక్కడివాళ్లకి ఉత్తరాలు రాసింది. 1651లో తండ్రి పేరు మీద వచ్చిన వర్జీనియా పటంలో, కొండలు దాటి పది రోజులు నడిస్తే పసిఫిక్ సముద్రం వచ్చేస్తుందని చూపించారు. గంటగంటకీ మోకరించే ఇంట్లో ఇలాంటి ఊహలు కూడా పుట్టాయంటే, నాకు ఆ ఇల్లు ఇంకాస్త నచ్చింది.

*

మిగతా చరిత్ర గబగబా చెప్పేస్తాను, పెద్దావిడ కూడా అలాగే చెప్పేవారు. కవి జార్జ్ హెర్బర్ట్ వీళ్ల స్నేహితుడు. 1633లో చనిపోతూ తన పద్యాల కట్ట నికోలస్‌కి పంపి, పనికొస్తుందనిపిస్తే అచ్చెయ్యి, లేకపోతే కాల్చెయ్యి అన్నాడు. పుస్తకాలు కాల్చించిన ఆ మనిషే దాన్ని అచ్చేయించాడు. అందుకు ఆయన్ని కొంత క్షమించాను. 1641లో ఎవరో వీళ్లని దొంగచాటు కాథలిక్ మఠమని తిడుతూ కరపత్రం వేశారు. చూడటానికి వచ్చి మర్యాదగా మాట్లాడి వెళ్లిన ఒకాయన ఉత్తరాన్నే వక్రీకరించి రాశారు. అంతర్యుద్ధంలో ఓడిన చార్లెస్ 1646లో ఒక రాత్రి దిక్కులేక ఇక్కడికొస్తే, జాన్ ఆయన్ని ఇంట్లో పెట్టుకుంటే ముందు ఇక్కడే వెతుకుతారని పక్క ఊళ్లో దాచాడు. 1657లో జాన్, సుసానా ఒకే ఏడు పోయారు. దాంతో ఆ జీవితం ఆగిపోయింది. 1714లో చర్చి ముఖభాగం మళ్లీ కట్టారు. కవి టి.ఎస్. ఎలియట్ 1936లో వచ్చి చూసిపోయి, 1942లో ఈ ఊరి పేరుతోనే కవిత అచ్చేశాడు. ఇప్పుడు వచ్చేవాళ్లలో చాలామంది ఆయన కోసమే వస్తారు. సమాధి దగ్గర ఫొటో దిగి, ఇది ఎలియట్‌దా అని అడిగినవాళ్లని చూశాను.

1970ల్లో కొన్ని కుటుంబాలు మళ్లీ అక్కడ చేరి, కలిసి వండుకుని, కలిసి ప్రార్థించే సంఘం ఒకటి మొదలుపెట్టాయి. అదీ 1998లో ముగిసింది. నేను వెళ్లేసరికి వాళ్ల జ్ఞాపకాలే మిగిలాయి. అక్కడ వండిన పప్పు సూపు గురించి పెద్దావిడ మొహం చిట్లించి చెప్పేవారు. మొదటిది ముప్పై ఏళ్లు, రెండోది ఇరవై పాతికేళ్లు. ఒక తరం మోసింది, వాళ్ల పిల్లలు ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. ఇందులో ఓటమేం లేదని పెద్దావిడ వాదన. నాకు మాత్రం ఇప్పటికీ పూర్తిగా ఎక్కలేదు.

మా ఊళ్లోనూ అదే లెక్క. తాతయ్య తర్వాత ఒకాయన కొన్నాళ్లు పట్టా గంట కొట్టాడు. కుర్రాళ్లు హైదరాబాదు, బెంగళూరు వెళ్లిపోయారు. గుడికి మైకొచ్చింది, గ్రానైట్ వచ్చింది, ఆదివారం కీబోర్డు మోగుతుంది. చీకటితో లేచి ఎదురెదురుగా కూర్చుని కీర్తనలు చదివేవాళ్లు లేరు.

లాక్‌డౌన్‌లో మా పిన్ని వాట్సాప్ గ్రూపు పెట్టింది. రోజూ పొద్దున అయిదింటికి ఒక కీర్తన తన గొంతుతో రికార్డు చేసి పెడుతుంది. జవాబుగా ఇంకెవరైనా తర్వాతి కీర్తన చదివి పెట్టాలని రూలు పెట్టింది కానీ, అందరూ దండాలు పెట్టిన బొమ్మలే పెడతారు. ఇంతవరకు నేనూ, దుబాయిలో ఉన్న మా బావా మాత్రమే చదివాం. రోజుకొకటి చొప్పున 150 అయ్యేసరికి అయిదు నెలలు. మొన్న 119 మొదలైంది, 176 వచనాలు. పిన్ని దాన్ని ఇరవై రెండు ముక్కలు చేసింది. రెండో రోజుకే ఇద్దరు గ్రూపు మ్యూట్ చేశారని తెలిసి, వాళ్లిళ్లకి ఫోన్ చేసి మరీ చదివి వినిపిస్తోంది.